చిన్న కళాశాలకు మారుట
(తల్లిదండ్రుల కూటములో చేసిన ప్రసంగ పాఠము)



మన కుటుంబముల బిడ్డలు కొందరు ఈనాడు అమెరికాలో డిగ్రీ చదువుచున్నారు. వారిలో ఒకరు ఫోను చేసి, "నాన్నగారూ, ఈ పెద్ద యూనివర్సిటీ మాని చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీకి మారతాను" అనినయెడల ఇల్లంతయు కలత చెందును. నలుగురిలో ఏమని చెప్పుకొందుమని తల్లి అడుగును. కట్టిన సొమ్ము ఏమగునని తండ్రి అడుగును. మొదటి ప్రశ్నకు మేము విలువనియ్యము. రెండవది అడుగవలసిన ప్రశ్నయే.

ఆ చిన్న కళాశాలలు తక్కువవి కావు. అనేకము క్రైస్తవులు స్థాపించినవే. బీద యువకులను సేవకు సిద్ధపరచుటకై 1821లో ఆమ్హర్స్ట్ కళాశాల పుట్టినది. గెట్టిస్‌బర్గు కళాశాలను 1832లో లూథరనులు స్థాపించిరి. మన గుంటూరులో 1885లో ఆంధ్ర క్రైస్తవ కళాశాలకు పునాది వేసినవారును అమెరికా లూథరనులే. 1833లో ఆరంభమైన ఓబర్లిన్ కళాశాల నల్లజాతివారిని, 1837 నుండి స్త్రీలను డిగ్రీ చదువులో చేర్చుకొనెను. పెద్ద పేరుగల విశ్వవిద్యాలయములు అనేకము అప్పటికి తలుపులు తెరువలేదు!

అచ్చట చరిత్ర, గణితము, సాహిత్యము, విజ్ఞానశాస్త్రము కొంతకొంత చదివిన పిమ్మట, సాధారణముగా రెండవ సంవత్సరాంతమునకు ప్రధాన విషయమును నిర్ణయించుకొందురు. పై డిగ్రీల విద్యార్థులు బహు కొద్దిమంది, లేదా అసలే ఉండరు గనుక ప్రొఫెసర్లే స్వయముగా పాఠము చెప్పుదురు. మూడువందలమంది కూర్చుండు హాలులో నోరు తెరువలేని బిడ్డకు ఇది చిన్న మేలు కాదు. అయితే కేవలము ఒంటరితనము పోవునని మారువారికి మేము సందేహముతోనే సలహా చెప్పుదుము. అట్టి కళాశాలలు అనేకము చిన్న ఊళ్లలో ఉన్నవి. మంచు కురియు నెలలలో అచ్చట తెలుగు మాట వినబడుట అరుదు. ఇంజనీరింగు కోరువారును ముందుగా విచారించవలెను, అది అన్నిచోట్ల లేదు.

ఇక లెక్క. గోపురము కట్టబూనిన వాని ఉపమానము మీరెరుగుదురు. డిగ్రీకి సాధారణముగా 120 క్రెడిట్లు కావలెను. అందులో సగము తమయొద్దనే చదువవలెనని అనేక కళాశాలల నియమము. 75 సంపాదించి వెళ్లిన బిడ్డకు అట్టి చోట 60కి మించి లెక్కకు రావు. మిగిలిన 15 సుమారు ఒక సెమిస్టరు చదువు, దాని ఫీజు కూడ. ఏ పాఠమును అంగీకరింతురో పాఠ్యప్రణాళిక చూచి వారే తేల్చుదురు. మారి వచ్చువారికి, అందునా విదేశీయులకు, ధనసహాయము అనేకచోట్ల కొద్దిగానే దొరకును. దరఖాస్తుతోనే సహాయము అడుగనియెడల తరువాత అడుగనియ్యని కళాశాలలును కలవు.

వీసా సంగతి మరువవద్దు. పాత కళాశాలవారు సెవిస్ రికార్డును క్రొత్తవారికి బదిలీ చేయవలెను, క్రొత్త ఐ-20 రావలెను, ఐదు నెలలలోపుగా తరగతులు ఆరంభము కావలెను. సీటు వచ్చినట్లు, ఎన్ని క్రెడిట్లు అంగీకరించిరో, ఎంత సహాయమిత్తురో వ్రాతపూర్వకముగా చేతికి వచ్చువరకు బిడ్డను పాత కళాశాలలో తరగతులు మాననియ్యకుడి.