ఓడలో గది: నా అనుభవం



మా అబ్బాయి సియాటిల్‌లో ఉండడం వల్ల మేమిద్దరం అలాస్కా ఓడ ప్రయాణం రెండుసార్లు చేశాం. మొదటిసారి సముద్రం బాగా కనిపిస్తుందని నేనే పట్టుబట్టి పై అంతస్తులో బాల్కనీ గది తీసుకున్నాను. నెత్తిన ఈతకొలను డెక్కు! తెల్లవారకముందే కుర్చీలు ఈడ్చే మోత. గుండె ఆపరేషను అయిన మా ఆవిడకు ఏడు రాత్రులూ సరిగా నిద్ర లేదు. ఒక్క మాట అనలేదు, నాకు అదే బాధ.

రెండోసారి ఓడ ప్లాను తెప్పించి ఫైలు చూసినట్టు చూశాను. పైనా కిందా గదులే ఉన్న అంతస్తు, ఊపు తక్కువుండే నడిమి భాగం, బాల్కనీకి లైఫ్‌బోట్లు అడ్డం రాకుండా, పైనుంచి ఎవరూ తొంగిచూడకుండా. ఏ పక్క అన్నదానికి అంత తర్జనభర్జన అక్కర్లేదు. గ్లేసియర్ బేలో మంచునది ముందు ఓడను తిప్పి రెండు వైపులవారికీ చూపిస్తారు.

ఆ ఉదయం మా ఆవిడ శాలువా కప్పుకుని బాల్కనీలో కూర్చుంది. మంచు విరిగిపడి ఉరుము ఉరిమినట్టయింది. “ఈ చప్పుడైతే ఫరవాలేదండీ” అంది.