మంత్రి, సస్యాధిపతి ఒకచోట కూర్చోవాలి
(జోడ్‌భావి పేటలో ఉగాది సభనాడు చేసిన ప్రసంగము)



ఇప్పుడే పంతులుగారు పంచాంగము వినిపించారు. ఈ యేడు రాజు ఎవరు, మంత్రి ఎవరు, సస్యాధిపతి ఎవరు అని మనమంతా చెవి ఒగ్గి విన్నాము. తొమ్మండుగురు నాయకులూ ఒకే పుటలో పక్కపక్కన కూర్చున్నారు. మన దేశములో మాత్రము మంత్రి ఒక ఊర, సస్యము సంగతి ఎరిగిన శాస్త్రజ్ఞుడు మరొక ఊర ఉంటారు. ఎవరికి వారే యమునాతీరే. ఇద్దరి మధ్య మన్ను పాడవుతున్నది. ఈ సంగతే నాలుగు మాటలలో మనవి చేయదలచాము.

మగ్గముల పేటలో మన్ను గొడవ ఎందుకని కొందరు అడుగవచ్చు. మనము నేసే దుప్పటికి నూలు కావాలి, నూలుకు పత్తి కావాలి, పత్తికి మన్ను కావాలి. పైగా మన తాతలు తెలంగాణ పల్లెల నుండి వచ్చినవారే. మనలో ఎందరికో ఊళ్లో ఎకరమో, రెండెకరములో ఇంకా ఉన్నవి.

నిరుడు మేము ఊరికి పోయి మా నాయన విడిచిన రెండెకరములు చూచి వచ్చాము. కౌలు చేస్తున్న కాక రేషను కార్డుతోపాటు దాచిన కాగితమొకటి తెచ్చి చూపాడు. అది భూసార పరీక్ష పత్రము. ఉదజని సూచిక, సేంద్రియ కర్బనము, నత్రజని, భాస్వరము, పొటాషు, గంధకము, జింకు మొదలైన 12 అంశములు అందులో ఉన్నవి. సేంద్రియ కర్బనము తక్కువ, జింకు తక్కువ అని వ్రాసి ఉన్నది. చేనిలో వేసినది మాత్రము ఒక్క యూరియా.

"కాకా, ఇందులో ఏమున్నదో ఎవరైనా చెప్పిండ్రా?" అని అడిగాము.

"సార్లు ఇచ్చిండ్రు, దాచిపెట్టిన బిడ్డా. చదువు వచ్చినోడివి, నువ్వే చెప్పు" అన్నాడు.

రైల్వేలో గుమాస్తాగిరి చేస్తున్న మాకు, రసీదు చేరినంతమాత్రాన సరుకు చేరినట్లు కాదని తెలుసు. ఈ పత్రముల పథకము 2015 ఫిబ్రవరి 19న రాజస్థానులోని సూరత్‌గఢ్‌లో ప్రారంభమైనది. మంచి పథకమే. అయితే అంతకు ముందే, 2010 ఏప్రిలులో, ఎరువుల సబ్సిడీ పద్ధతి మారినది. భాస్వరము, పొటాషు ఎరువులు కొత్త పద్ధతిలోకి పోయి వాటి ధరలు పెరిగినవి. యూరియాను విడిచిపెట్టారు, దాని ధర అంతగా పెరుగలేదు. ఒక్క యూరియాతో పైరు పచ్చగా కనబడుతుంది గాని, భూమిలోని తక్కిన పోషకములు తరిగిపోతాయి. శాస్త్రజ్ఞుడు పత్రములో ఒక మాట వ్రాశాడు, అంగడిలో ధర మరొక మాట చెప్పినది. బీద రైతు ధర మాటే విన్నాడు. తప్పు రైతుదా?

ఇద్దరూ కలిసిననాడు ఏమి జరుగుతుందో చెప్పుటకు దూరము పోనక్కరలేదు. మన షోలాపూరులోనే 1933లో మెట్టసేద్యపు పరిశోధన మొదలైనది. నల్లరేగడిపై వాన జోరుగా పడితే నీరు ఇంకకముందే పైమన్నును కోసుకొని పోతుంది. వాలుకు అడ్డముగా గట్లు వేయవలెనని శాస్త్రజ్ఞులు చెప్పారు. కాని నీటికి సరిహద్దు రాళ్లు తెలియవు. ఒక్క రైతు తన చేనిలో గట్టు వేసి లాభము లేదు, వాలంతా కలిపి వేయాలి. అందుకు చట్టము కావలసివచ్చినది. 1942లో బొంబాయి రాష్ట్రములో భూమి అభివృద్ధి పథకముల చట్టము వచ్చినది. 1972-73 కరువు తరువాత, శాసనమండలి అధ్యక్షులైన వి.ఎస్. పాగేగారి ఆలోచనతో నడిచిన ఉపాధి హామీకి 1977లో మహారాష్ట్రము చట్టము చేసినది. ఆకలిగొన్నవారికి కూలి దొరికినది, పొలములకు గట్లు, ఇంకుడు చెరువులు దొరికినవి.

పొరుగున కర్ణాటకములో 2009లో భూచేతన అనే పని ఆరంభమైనది. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు మన్ను పరీక్షించి జింకు, బోరాను, గంధకము కొరతలు చూపారు. ప్రభుత్వము ఆ ఎరువులను సబ్సిడీపై పల్లెలకు చేర్చినది. పరీక్ష ఒకరిది, ఆజ్ఞ ఒకరిది, ఫలము రైతుది.

కలవని చోట నష్టమూ చూస్తున్నాము. నల్లరేగడికి కాలువనీరు విపరీతముగా పెట్టి, మిగులు నీరు పోవు దారి చేయకపోతే ఉప్పు పైకి తేలి చేను చౌడు బారుతుంది. కాలువకు కొబ్బరికాయ కొట్టుటకు నాయకులు వస్తారు. మిగులు నీటి దారికి కొబ్బరికాయ కొట్టేవారు ఏరీ?

ఇది విని మనము మంత్రులను నిందించి ఇంటికి పోవచ్చు. అయితే కాక అన్న మరొక మాట మిమ్ములను కూడ వినమంటాము. "పెంట తోలుమంటవు. మీదటేడు ఈ చేను నాకే ఇస్తవో లేదో! నీ భూమికి నేనెందుకు పెంట తోలాలె బిడ్డా?" అన్నాడు. మాకు నోట మాట రాలేదు. పదేండ్లుగా కౌలు డబ్బు లెక్కపెట్టుకొన్నాము గాని, మన్ను ఎట్లున్నదని ఒకనాడైనా అడుగలేదు. ఆ రెండెకరములకు మంత్రులము మేమే, సస్యాధిపతి కాక. మేమిద్దరమూ ఒకచోట కూర్చున్నదే లేదు. ఆనాడు చేనిగట్టున కూర్చొని పత్రమంతా చదివి వినిపించాము. కౌలు మూడేండ్లకు ఖాయము చేశాము. మొదటి యేటి కౌలులో సగము పెంటకు, జింకుకు విడిచాము.

మన సంఘమునకు ఒక్క మనవి. డిసెంబరు 5 ప్రపంచ మృత్తికా దినోత్సవమని ఐక్యరాజ్యసమితి 2013లో నిర్ణయించినది. ఆనాడు మన ఊరి పరిశోధన కేంద్రము నుండి ఒక శాస్త్రజ్ఞుని, మన ఓట్లు అడిగే నాయకులను ఇదే పేటకు పిలిచి ఒకే జంపఖానాపై కూర్చోబెట్టుదాము. దండలు వద్దు. పత్రము ఇచ్చిన తరువాత దానిని రైతుకు చదివి చెప్పేవారెవరు, పత్రము చెప్పిన ఎరువు రైతుకు అందే ధరకు వచ్చేదెన్నడు అని రెండే ప్రశ్నలు అడుగుదాము. ఊళ్లో భూమి ఉన్నవారు ఈ వేసవిలో పోయి, ముందుగా తమ కౌలుదారు పక్కన కూర్చోండి. మనము కూర్చున్న తరువాతనే నాయకులను కూర్చోమనే అధికారము మనకు వస్తుంది.