కొలది రంగులతో నిండు చిత్రము
(రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



ఇంటింట చేతిఫోను వెలసిన కాలమిది. అందలి చిత్రములను చూచి ఆనందింపనివారు లేరు. కాని అంత చిత్రము అంత చిన్న తెరలో ఎట్లు ఇమిడినదో విచారించువారు తక్కువ. తొలినాటి రంగుల ఫోనులు కొలది వర్ణములనే చూపగలిగెడివి. లక్షల వర్ణములు గల చిత్రమును ఆ కొలది వర్ణములలోనికి దింపుటకు శాస్త్రజ్ఞులు కనుగొన్న ఉపాయములు చక్కనివి. చాలీచాలని వనరులను న్యాయముగా పంచుకొనుట ఎట్లను ప్రశ్న కూడ వానిలో ఇమిడియున్నది.

తెరమీది చిత్రము చుక్కల కూర్పు. ఆ చుక్కకే పిక్సెల్ అని పేరు. ప్రతి చుక్కయందును ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు కాంతులు కలియును. ఒక్కొక్క కాంతికి 256 మెట్లున్నచో, మొత్తము 1,67,77,216 రంగులు ఏర్పడును. తొలి ఫోనులకు ఈ భాగ్యము లేదు. 2002లో వెలువడిన నోకియా 7650 చూపినవి 4,096 రంగులు. అనగా కాంతికి 16 మెట్లు మాత్రమే. 2003లో వచ్చిన నోకియా 6600 చూపినవి 65,536 రంగులు. ఈ 65,536 రంగుల ఏర్పాటులో సాధారణముగా ఎఱుపునకును నీలమునకును 32 మెట్ల చొప్పున ఇచ్చి, ఆకుపచ్చకు 64 ఇత్తురు. ఇది పక్షపాతము కాదు. మానవనేత్రము ఆకుపచ్చలోని తారతమ్యమును ఎక్కువగా గుర్తించును గనుక ఈ ఏర్పాటు.

తెర యొక్క శక్తి ఒక ఎత్తు. చిత్రము ఆక్రమించు చోటు మరియొక ఎత్తు. నోకియా 7650 తెరమీద అడ్డముగా 176, నిలువుగా 208 చుక్కలు కలవు; మొత్తము 36,608. చుక్కకు మూడు బైట్ల చొప్పున వ్రాసినచో 1,09,824 బైట్లు పట్టును. దీనికొక ఉపాయము కలదు. చిత్రమునకు తగిన 256 రంగులను ఎన్నుకొని పట్టికగా వ్రాసి, ప్రతి చుక్కవద్దను ఆ పట్టికలోని వరుససంఖ్యను మాత్రము వ్రాసినచో చాలును. పట్టికకు 768 బైట్లు, చుక్కకు ఒక బైటు, వెరసి 37,376. ఇంచుమించు మూడవవంతుతో పని నెరవేరినది.

అయితే ఆ 256 రంగులు ఏవి? అన్ని చిత్రములకును ఒకే పట్టికను వాడుట ఒక పద్ధతి. అది ఊరిలోని పిల్లలందఱకును ఒకే కొలతతో చొక్కాలు కుట్టించినట్లుండును. వరిచేను చిత్రమునకు ఆకుపచ్చలో పలుఛాయలు కావలెను; ఊదారంగుతో దానికి పనిలేదు. కావున ఏ చిత్రమునకు తగిన పట్టికను ఆ చిత్రమునుండియే తీయుట మేలు. ఇందుకై పాల్ హెక్‌బర్ట్ 1982లో ప్రకటించిన మార్గము ప్రసిద్ధమైనది. చిత్రములోని రంగులన్నిటిని ఒక పెట్టెలో ఉంచినట్లు భావించి, ఆ పెట్టెను పొడవైన వైపున, ఇరుప్రక్కల చుక్కలు సమానముగా ఉండునట్లు కోయుదురు. రెండు నాలుగగును, నాలుగు ఎనిమిదగును. ఎనిమిది విడతలలో 256 పెట్టెలు ఏర్పడును. ఒక్కొక్క పెట్టెలోని రంగుల సగటును పట్టికకెక్కింతురు.

ఇంత చేసినను, ఆకాశము వంటి చోట్ల నీలము క్రమముగా పలుచబడక చారలుచారలుగా కనబడును. దీనికి రాబర్ట్ ఫ్లాయిడ్, లూయిస్ స్టీన్‌బర్గ్ అనువారు 1976లోనే విరుగుడు చూపిరి. ఒక చుక్కకు అసలు రంగు దొరకక దగ్గఱి రంగును వేసినప్పుడు కలిగిన తేడాను పారవేయక పదునాఱు పాళ్లు చేసి, కుడిప్రక్క చుక్కకు 7, క్రిందిదానికి 5, క్రింద ఎడమదానికి 3, క్రింద కుడిదానికి 1 చొప్పున పంచుదురు. ఒకరికి తగ్గినది ఇరుగుపొరుగువారు పూడ్చుదురు. చుక్కలు విడివిడిగా తప్పైనను, దూరమునుండి చూచు కంటికి మొత్తము ఒప్పుగా తోచును. వార్తాపత్రికలో నల్లసిరా ఒక్కటే చిన్నపెద్ద చుక్కలై ముఖఛాయలను చూపుట అందఱును ఎఱిగినదే.

అయితే లెక్క సరియైనంత మాత్రమున చిత్రము సరికాదు. పసుపుపచ్చని చీర కట్టిన పెండ్లికూతురి చిత్రమును తలంపుడు. 36,608 చుక్కలలో ఆమె కుంకుమబొట్టు ఆఱు చుక్కలే కావచ్చును. ఎక్కువ చుక్కలు గల రంగులకే చోటిచ్చినచో ఆ ఎఱుపు పట్టికకెక్కదు. నుదుటి చర్మఛాయలో కలిసిపోవును. యంత్రము తన లెక్క తప్పలేదు. కాని ఆ చిత్రమును చూచిన తల్లికి బిడ్డ నుదురు బోసిగా కనబడును. కావున సంఖ్యలో అల్పమైనను అర్థములో ఘనమైన రంగునకు పట్టికలో చోటు ప్రత్యేకించుట చిత్రము దింపువాని ధర్మము. అక్షరములవిషయమునను ఇట్టి జాగ్రత్తయే వలయును. తేడాను ప్రక్కలకు పంచు ఉపాయము ఆకాశమునకు మంచిది. సన్నని తెలుగు అక్షరములకు చెఱుపు. అంచులు చెదరి ఒత్తు మాసినచో మాటయే మాఱిపోవును.

నేటి ఫోనులకు రంగుల కొఱత లేదు. అయినను ఈ విద్య పాతబడలేదు. 1987లో పుట్టిన జిఫ్ అను చిత్రరూపము ఒక బొమ్మకు 256 రంగులకు మించనీయదు. అది నేటికిని వాడుకలో నున్నది. పుస్తకములు చదువుటకై చేసిన యంత్రములలో అనేకము 16 బూడిదఛాయలనే చూపును.

గ్రంథాలయమునకును బీరువాలు కొలదియే, ధనమును కొలదియే. పదిమంది అడుగు పుస్తకమును ముందు కొనుట న్యాయము. కాని ఏడాదికొకమాఱు ఒక్క చదువరి వచ్చి అడుగు గ్రంథమును లెక్కలో తక్కువని త్రోసివేసినచో, అది బొట్టులేని చిత్రమే యగును. ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయమునందు ఆ ఒక్క చదువరికిని ఎల్లప్పుడును చోటుండుగాక!