స్లాటు ఎవరి పేరున, ఫోను ఎవరి చేతిలో?

(అమలాపురంలో కోనసీమ మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భూమి హక్కు, కూలి రేట్లు, గృహహింస గురించి మాట్లాడుకునే వేదిక మీద డ్రైవింగ్ లైసెన్సు గురించి మాట్లాడటం కొందరికి వింతగా వుండొచ్చు. కానీ ఆడది గడప దాటి యెంత దూరం వెళ్ళొచ్చు, యెవరిని అడిగి వెళ్ళాలి అన్నది మనకు కొత్త ప్రశ్న కాదు. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం స్త్రీలకు అక్షరాలతో పాటు సైకిలు తొక్కడం కూడా నేర్పింది. రెండూ కలిసే నడవాలని ఆ కార్యకర్తలు గుర్తించారు.

ఈవేళ కోనసీమ రోడ్ల మీద చూడండి. ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు, డ్వాక్రా సంఘాల లెక్కలు రాసేవాళ్ళు, రొయ్యల ప్లాంట్లకు పనికి వెళ్ళేవాళ్ళు బండి మీదే వెళ్తున్నారు. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీలో స్త్రీలకు ఉచిత ప్రయాణం వచ్చింది, మంచిదే. కానీ బస్సు వెళ్ళని లంక గ్రామాలకీ, కాలవ గట్లకీ బండే దిక్కు. బండి మన చేతికి వచ్చింది గాని లైసెన్సు రాలేదు. రాజోలు, కొత్తపేట వైపు నేను మాట్లాడిన స్త్రీలలో చాలామంది "ఊళ్ళోనే కదండీ, ఆడోళ్ళని ఎవరాపుతారండీ" అన్నారు.

ఈ దయను మనం నమ్మకూడదు. లైసెన్సు లేకుండా బండి నడిపితే మోటారు వాహనాల చట్టం 181వ సెక్షను కింద 2019 సెప్టెంబరు నుంచి జరిమానా 5,000 రూపాయలు. అంతకన్నా పెద్ద నష్టం ప్రమాదం జరిగిన రోజున తెలుస్తుంది. సొంత బండి నడుపుతూ చనిపోతే కుటుంబానికి 15 లక్షలు వచ్చే వ్యక్తిగత ప్రమాద బీమా వుంది. ఆ డబ్బు రావాలంటే బండి ఆమె పేరున వుండాలి, ఆమెకు చెల్లుబాటయ్యే లైసెన్సు వుండాలి. బండి భర్త పేరున వుండి, ఆమెకు లైసెన్సు లేకపోతే ఈ బీమా వర్తించదు. ఎదుటి మనిషికి దెబ్బ తగిలితే బీమా కంపెనీ పరిహారం చెల్లించి, ఆ సొమ్మును బండి యజమాని దగ్గర వసూలు చేసుకునే అవకాశం కూడా వుంది. ఇద్దరి కూలి మీద బతికే ఇంటికి ఇది జీవితకాలపు అప్పు.

మరి లైసెన్సు తీసుకోవడం అంత కష్టమా? కాగితం మీద కాదు. కేంద్ర రవాణా శాఖ 'పరివాహన్' పోర్టల్‌లో 'సారథి' అనే విభాగం వుంది. ముందు అందులో ఎల్.ఎల్.ఆర్.కి దరఖాస్తు పెట్టి స్లాటు తీసుకోవాలి. రోడ్డు గుర్తుల మీద పరీక్షలో 60 శాతం జవాబులు సరిగ్గా చెప్పాలి. ఎల్.ఎల్.ఆర్. ఆరు నెలలు చెల్లుతుంది. 30 రోజులు దాటాక డ్రైవింగ్ పరీక్షకు మరో స్లాటు తీసుకుని, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు బండి నడిపి చూపించాలి. తప్పితే ఏడు రోజుల తర్వాత మళ్ళీ వెళ్ళొచ్చు. మూడుసార్లు తప్పితే 60 రోజులు ఆగాలి. 2016 డిసెంబరులో సవరించిన కేంద్ర నిబంధనల ప్రకారం ఒక తరగతి బండికి ఎల్.ఎల్.ఆర్. 150, దాని పరీక్ష 50, డ్రైవింగ్ పరీక్ష 300, లైసెన్సు 200, మొత్తం 700 రూపాయలు. రాష్ట్రం వేసే సర్వీసు చార్జీలు వేరు. బ్రోకరు దీనికి యెన్ని రెట్లు అడుగుతాడో మీ ఊళ్ళో మీకే తెలుసు.

ఆన్‌లైన్ వస్తే బ్రోకరు పోతాడన్నారు. కొంత నిజమే, కౌంటరు దగ్గర నిలబడే బ్రోకరు తగ్గాడు. అతని స్థానంలోకి ఇంట్లో ఫోను పట్టుకున్న మగవాడు వచ్చాడు. రాజోలు దగ్గర ఒక అంగన్‌వాడీ కార్యకర్త నాతో అన్నది వినండి: "మా ఆయన కువైట్‌లో వుంటారండి. ఆధార్‌కి ఆయన నంబరే ఇచ్చామండి. ఓటీపీ అక్కడికెళ్తాదండి. ఆయన డ్యూటీలో వుంటే ఫోనెత్తరండి. ఈలోపు టైం అయిపోద్దండి." గల్ఫ్ వలసల మీద బతికే కోనసీమలో ఇది ఆమె ఒక్కతె కష్టం కాదు. భర్త పక్క గదిలో వున్నా సంగతి అదే. ఓటీపీ చెప్పడమంటే అనుమతి ఇవ్వడమే. అత్తగారు వద్దంటే, ఆయనకు కోపం వస్తే ఆ ఆరంకెలు రావు. వెనక దరఖాస్తు మీద సంతకం ఆమెదే వుండేది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019-21 లెక్కల్లో మన రాష్ట్రంలో ఇంటర్నెట్ ఎప్పుడైనా వాడిన స్త్రీలు 21 శాతం, పురుషులు 48.8 శాతం. తాము వాడుకునే ఫోను వున్న స్త్రీలు 48.9 శాతం. ఇవి పాత లెక్కలే, అప్పటినుంచి ఫోన్లు పెరిగాయి. అయినా ఇంట్లో ఫోను వుండటం వేరు, నంబరు ఆమె పేరున వుండటం వేరు. 2025 జనవరిలో ప్రభుత్వం 'మన మిత్ర' పేరుతో వాట్సాప్‌లో సేవలు మొదలుపెట్టింది. ప్రతి స్త్రీ చేతిలోనూ ఫోను వుందన్న వూహ మీదనే ఇవన్నీ నడుస్తున్నాయి.

ఇంకో సంగతి. జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ 2022 మే 24న ఇదే అమలాపురంలో హింస జరిగింది. ఆ తర్వాత రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటర్నెట్ ఒక్కటే దారి అయితే, అది మూసిన రోజున హక్కు కూడా మూతపడుతుంది. మనిషి కూర్చునే కౌంటరు అడగటం సాంకేతికతను కాదనడం కాదు. 2002లో పక్కనున్న పశ్చిమ గోదావరిలో గ్రామీణ ఈ-సేవ కేంద్రాలను స్వయం సహాయక సంఘాల స్త్రీలే నడిపారు. కంప్యూటరు ముందు మన మనిషి కూర్చుంటే అది మన పనిముట్టు అవుతుందని అప్పుడే చూశాం.

అందుకని సంఘాలు చేపట్టాల్సిన పనులు కొన్ని చెప్తాను. మొదటిది, ప్రతి సభ్యురాలి ఆధార్‌కీ ఆమె సొంత నంబరు చేర్పించడం. ఆధార్ కేంద్రానికి ఆమె స్వయంగా వెళ్ళి వేలిముద్ర వేస్తే చాలు, భర్త సంతకం అవసరం లేదు. రెండోది, ఆధార్‌లో పుట్టింటి అడ్రసు వుందని వెనక్కి పంపితే ఊరుకోకపోవడం. 2019 సవరణ తర్వాత రాష్ట్రంలో ఏ లైసెన్సింగ్ అధికారికైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు. మూడోది, సంఘం మీటింగు రోజునే పదిమందికి కలిపి స్లాట్లు తీసుకుని, ఒకే రోజు కలిసి వెళ్ళడం. సఖినేటిపల్లి నుంచి ఒక్కతే కూలి మానుకుని రావడం కష్టం, పదిమంది వస్తే దారీ ధైర్యమూ రెండూ దొరుకుతాయి. ఆటో నడపాలనుకునే వాళ్ళు ఇంకోటి తెలుసుకోండి. తేలికపాటి మోటారు వాహనం లైసెన్సు వుంటే 7,500 కిలోల లోపు రవాణా వాహనం నడపడానికి వేరే అనుమతి అక్కర్లేదని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఇది ఉపాధికి సంబంధించిన మాట.

ప్రభుత్వాన్ని అడగాల్సినవీ వున్నాయి. ఫోను లేని స్త్రీకి ఆఫీసులోనే దరఖాస్తు తీసుకుని స్లాటు ఇవ్వాలి. గ్రామ సచివాలయంలో ఈ పనికి సాయం అందాలి. లైసెన్సుల లెక్కలు మండలాల వారీగా, స్త్రీ పురుషులకు విడివిడిగా బయటపెట్టాలి. లెక్కలో లేని మనిషికి హక్కు వుందని ఎవరూ ఒప్పుకోరు.

సమావేశం నుంచి ఇంటికి వెళ్ళాక ఒక్క పని చెయ్యండి. మీ ఆధార్‌కి ఎవరి నంబరు వుందో చూడండి. అది మీది కాకపోతే, మన పని అక్కడినుంచే మొదలవుతుంది.