పేరు మారినా ఆట హైదరాబాద్‌దే

(యానాంలో విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



హైదరాబాద్ నుంచి యానాం వచ్చి ఫుట్‌బాల్ గురించి మాట్లాడతామంటే మీలో కొందరు నవ్వుకున్నారు. గౌతమి గట్టున ఉన్నవాళ్లకు మూసీ గట్టు ముచ్చట్లెందుకని. కానీ ఈ ముచ్చట మొదలయ్యేదే మీ ఊళ్లో ఎగిరిన జెండాతో.

1948 జులై 31. లండన్ ఒలింపిక్స్‌లో స్వతంత్ర భారత జట్టు ఫ్రాన్స్‌తో తలపడింది. మనవాళ్లలో చాలామంది ఉత్త కాళ్లతోనే ఆడారు. రెండు పెనాల్టీలు చేజార్చుకున్నారు. 1-1 మీద ఉన్న ఆట ఆఖరి నిమిషాల్లో 2-1గా ఫ్రాన్స్ వశమైంది. ఆ రోజున యానాంలో ఎగురుతున్నది ఫ్రెంచి జెండా. మరి యానాం పిల్లగాడు ఎవరి ఓటమికి ఏడవాలి? కాగితం ప్రకారం గెలిచింది వాడి దేశమే. జెండా ఒకటి, మనసు ఒకటి అయితే ఎట్లా ఉంటుందో మీకు ఒకరు చెప్పనక్కర్లేదు. మాకూ చెప్పనక్కర్లేదు.

ఇక మా మూసీ గట్టుకు పోదాం. సిటీ కాలేజీ పాత, కొత్త విద్యార్థులు కలిసి కట్టుకున్న జట్టు ఒకటుండేది. పేరు ఎలెవన్ హంటర్స్. అందులో ఆడిన సయ్యద్ అబ్దుల్ రహీం తర్వాత బడిపంతులయ్యాడు. రహీం సాబ్ అంటే చాలు, పాత బస్తీలో పెద్దవాళ్ల ముఖాలు ఇప్పటికీ వెలుగుతాయి. ఎడమ కాలు బలహీనమైన పిల్లలుంటారు కదా, వాళ్ల కోసం బలహీనమైన కాలితోనే తన్నాలన్న షరతుతో ఆయన పోటీలు పెట్టాడు. బంతిని ఒక్కడే తిప్పుకుంటూ పోకూడదని, అందించుకోవాలని ఇంకో రకం పోటీ పెట్టాడు. మాకు తెలిసి ఇది కోచింగ్ కంటే ఎక్కువ చదువు చెప్పడమే. పంతులు పంతులే!

1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు ఆయన చేతికొచ్చింది. యుద్ధం వల్ల ఆగిపోయిన డ్యూరాండ్ కప్పు మళ్లీ మొదలైంది ఆ ఏడే. కలకత్తా మహాజట్టు మోహన్ బగాన్‌ను ఓడించి మనవాళ్లు ఆ కప్పు ఎత్తుకొచ్చారు. బొంబాయిలో రోవర్స్ కప్పు కూడా ఆ సీజన్‌లోనే గెలిచారు. అక్కడితో ఆగలేదు. 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్లు రోవర్స్ కప్పు హైదరాబాద్‌దే.

ఇక్కడ మా గొంతు కొంచెం పట్టుకుంటుంది. పోలీసు జట్టు అని మురిసిపోతూ చెప్తున్నాం గానీ, 1952 సెప్టెంబర్ మొదటి వారంలో ముల్కీ ఉద్యమం మీద పోలీసు కాల్పులు జరిగింది ఆ సిటీ కాలేజీ దగ్గరే. విద్యార్థుల ప్రాణాలు పోయాయి. రహీం సాబ్‌ను తయారుచేసిన కాలేజీ అది, ఆయన తయారుచేసిన జట్టు ఆ శాఖది. ఆ ఏడు కూడా రోవర్స్ కప్పు వచ్చింది. ఊళ్లో ఎవరు ఏ మనసుతో చప్పట్లు కొట్టారో! కప్పుల లెక్క చెప్పేవాళ్లు ఆ నెత్తురు సంగతి చెప్పరు, ఆ నెత్తురు సంగతి చెప్పే మేం ఇన్నాళ్లూ కప్పుల సంగతి చెప్పలేదు. తప్పు మాదీ ఉంది.

హెల్సింకి ఒలింపిక్స్‌లో 1952లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యాక గానీ మన పెద్దలకు బూట్లు గుర్తు రాలేదు. నాలుగేళ్లు తిరిగేసరికి రహీం సాబ్ జట్టు మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో కొట్టింది. ఒలింపిక్ సెమీఫైనల్‌కు చేరిన తొలి ఆసియా జట్టు అదే. నాలుగో స్థానంతో తిరిగొచ్చింది. ఆ మ్యాచ్ 1956 డిసెంబర్ 1న. సరిగ్గా నెల ముందు, నవంబర్ 1న, హైదరాబాద్ రాష్ట్రం పటం మీద లేకుండా పోయింది. అయినా 1956-57లోనూ 1957-58లోనూ సంతోష్ ట్రోఫీ గెలిచింది ‘హైదరాబాద్’ పేరుతోనే. పేరు ఎంతకాలం నిలుస్తుంది? 1960లో రోవర్స్ కప్పు గెలిచిన జట్టు ఆంధ్రా పోలీసు. అదే మైదానం, అదే పంతులు. చొక్కా మీది పేరు ఒక్కటే వేరు. రాష్ట్రాలు విడిపోయి 2014 కూడా దాటిపోయింది. ఆ కప్పులు ఎవరి ఖాతాలో రాసుకోవాలో ఇంకా ఎవరూ తేల్చలేదు.

మళ్లీ మీ ఊరికి వద్దాం. 1954 జూన్ 13న యానాం ఫ్రెంచి పాలన నుంచి విడిపోయినా, చట్టపరంగా భారత్‌లో కలిసింది 1962 ఆగస్టు 16న. మధ్యలో 1960లో రోమ్ ఒలింపిక్స్‌లో రహీం సాబ్ జట్టు ఫ్రాన్స్‌ను 1-1తో నిలబెట్టింది. అప్పటికీ కాగితం ప్రకారం మీరు ఫ్రాన్సే! ఆ కాగితం చెల్లిన పంతొమ్మిదో రోజున, సెప్టెంబర్ 4న, జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి భారత్ ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. సికింద్రాబాద్ అమ్ముగూడ పిల్లగాడు తులసీదాస్ బలరాం, హైదరాబాదీ యూసుఫ్ ఖాన్ ఆ జట్టులోని వాళ్లే. కేన్సర్ కోచ్‌ను లోపల తినేస్తూనే ఉంది. 1963 జూన్ 11న రహీం సాబ్ కన్నుమూశాడు. బలరాం 2023లో పోయాడు.

చూసినవాళ్లు, విన్నవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. మాది రాసుకునే పని. ఫ్రెంచి జెండా కింద బంతి తన్నిన పెద్దలు మీ ఇళ్లలో ఎవరైనా ఉంటే సభ అయ్యాక మమ్మల్ని తీసుకుపోండి. బస్సుకు ఇంకా మూడు గంటల టైముంది.