ఆ బావి నీళ్ళు ఎవరివి?

(తీరప్రాంత స్త్రీల హక్కులపై జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



పర్యాటకం గురించి మాట్లాడతానని నేను అన్నప్పుడు కొందరు మిత్రులకు సందేహం వచ్చింది. విహారయాత్రలు డబ్బున్నవాళ్ళ సరదా కదా, స్త్రీల హక్కుల సదస్సులో ఆ మాట ఎందుకు అన్నారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. లక్షదీవుల్లో ఒక ఇంటి పెరట్లో, బావి దగ్గర జరిగిన చిన్న సంఘటన నా ఆలోచన మార్చింది. అక్కడి నుండే మొదలుపెడతాను.

ఒక అధ్యయనం పని మీద అనుమతి పత్రం తీసుకుని ఆ దీవికి వెళ్ళాను. వర్షాలకు ముందు రోజులు. ఉక్కపోత భరించలేక పూటకోసారి తలారా స్నానం చేసేదాన్ని. మోటారు వేస్తే నీళ్ళు, ఆపితే లేవు; అంతకుమించి ఆలోచించలేదు. నాలుగో రోజు ఆ ఇంటి పెద్దావిడ ఒక గ్లాసు నీళ్ళు నా చేతికిచ్చి తాగమంది. ఉప్పగా ఉన్నాయి. నాతో వచ్చిన అంగన్‌వాడీ టీచరు ఆవిడ మాట తెలుగులో కాదు, హిందీలో చెప్పింది: "ఎండాకాలం చివర మా బావి ఎప్పుడూ కొంచెం మారుతుంది. ఈ ఏడు ముందే మారింది. పక్క రెండిళ్ళలో అతిథుల కోసం మోటార్లు పెట్టారు. ఇప్పుడు మా ఇంట్లోనూ. మీ మీద కోపం లేదమ్మా, మీకు తెలియదు. కానీ మీరు వెళ్ళిపోతారు. నా మనవరాలు ఈ నీళ్ళే తాగాలి."

నాకు తల ఎత్తుకోబుద్ధి కాలేదు. నీళ్ళ హక్కు గురించి ఎన్ని సభల్లో మాట్లాడానో! ఇంకొక ఆడమనిషి బావిని నేనే ఖాళీ చేస్తున్నానని మాత్రం తెలుసుకోలేకపోయాను.

ఆ బావి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. లక్షదీవులు 36. మొత్తం నేల 32 చదరపు కిలోమీటర్లే. 2011 జనాభా లెక్కల ప్రకారం 64 వేల పైచిలుకు మనుషులు, చాలావరకు పది దీవుల్లోనే ఉంటారు. ఎక్కడ చూసినా సముద్రానికి ఒకటి రెండు మీటర్ల ఎత్తు. కొండ లేదు, ఏరు లేదు. కురిసిన వాన ఇసుకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద పలుచటి పొరగా తేలుతుంది. బావుల్లో ఉండేది ఆ పొరే. చేదతో తోడుకుంటే అది నిలుస్తుంది. మోటారుతో గబగబా లాగితే కింది ఉప్పునీరు పైకి వస్తుంది. మరుగుదొడ్ల గుంటల మురుగు కూడా ఇసుకలోంచి దిగి అదే పొరను చేరుతుంది. కవరత్తిలో 2005లో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కేంద్రం పెట్టారు, రోజుకు లక్ష లీటర్లు. మంచిదే. కానీ ఒక్క పర్యాటకుడు స్నానానికీ, దుప్పట్లు ఉతకడానికీ, గదులు కడగడానికీ వాడే నీటిని ఆ ఊరి ఇంటి వాడకం పక్కన పెట్టి చూడండి. నీళ్ళు చాలకపోతే బిందె పట్టుకుని వెళ్ళేది ఎవరో మీకు చెప్పనక్కర్లేదు.

ఇక ఆ నేల సంగతి. పగడం రాయి కాదు, ప్రాణి. లక్షలాది చిన్న జీవులు కట్టుకున్న సున్నపు గూళ్ళే పగడపు దిబ్బలు. వాటి ఒంట్లో ఉండే నాచే వాటికి రంగూ, తిండీ. సముద్రం మామూలు కంటే ఒక డిగ్రీ ఎక్కువ వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే ఆ నాచు బయటికి పోయి పగడం తెల్లబడుతుంది. వేడి తగ్గకపోతే చచ్చిపోతుంది. లక్షదీవుల్లో 1998లో, 2010లో, 2016లో, మళ్ళీ 2024లో ఇదే జరిగింది. అగత్తి, కడమత్, కవరత్తి దీవుల దగ్గర శాస్త్రవేత్తలు 1998 నుండి 2022 దాకా పరిశీలించి, బతికున్న పగడం దాదాపు సగానికి తగ్గిందని చెప్పారు. పగడపు గోడ అలల దెబ్బ కాస్తుంది. అరిగిన పగడమే ఇసుకై దీవిని నిలబెడుతుంది. అది పోతే మిగిలిన నేలా పోతుంది. బంగారం దీవి పక్కనున్న పరళి అనే చిన్న దీవి ఇప్పటికే కోసుకుపోయింది.

ఈ వేడికి కారణం ఆ దీవుల స్త్రీలు కాదు. వాళ్ళ పొయ్యి పొగతో సముద్రం వేడెక్కలేదు. దెబ్బ మాత్రం మొదట వాళ్ళకే తగులుతోంది. ఇప్పటికే జబ్బుపడిన పగడం మీద లంగర్లు వేయడం, పడవల కోసం మడుగును తవ్వడం, మురుగు వదలడం, ఫొటోల కోసం తొక్కుతూ నడవడం రోగి గుండెల మీద కూర్చోవడం లాంటిది.

2024 జనవరిలో ప్రధాని పర్యటన ఫొటోలు వచ్చాక దేశమంతా లక్షదీవుల పేరు మోగింది. మన ఊళ్ళలోనూ టూర్ల గురించి అడగడం మొదలైంది. అదే ఏడాది వేసవిలో అక్కడి పగడం తెల్లబడింది. మొదటి వార్త తెలిసినంతమందికి రెండోది తెలియలేదు.

అంతకుముందే మినికాయ్, సుహేలి, కడమత్ దగ్గర మడుగుల్లో నీటి మీద విల్లాలు కట్టే ప్రతిపాదనలు వచ్చాయి. దూరం నుండి చూసేవాళ్ళకు మడుగు ఖాళీ నీలం నీళ్ళు. అక్కడివాళ్ళకు అది పొలం. గేలంతో ట్యూనా పట్టడానికి ఎర చేపలు ఆ మడుగులోనే దొరకాలి. పట్టిన చేపను ఉడికించి, పొగబెట్టి, ఎండబెట్టి 'మాస్' తయారుచేసే పనిలో ఆడవాళ్ళ చెమట ఉంది. కొబ్బరి పీచు నానబెట్టి, కొట్టి, తాడు పేనడం తరతరాలుగా ఆడవాళ్ళ పని. మడుగు ఎవరిదో కాగితం మీద రాసి లేదు కాబట్టి ఎవరిదీ కాదని అనుకోవడం మన తీరంలోనూ చూశాం. చేపలు ఎండబెట్టుకునే ఇసుక అందమైన బీచిగా మారిన రోజున మన బెస్త స్త్రీలు ఎక్కడికి వెళ్ళాలో ఎవరూ అడగలేదు.

ఇంకొక ముఖ్యమైన విషయం ఉంది. ఆ దీవుల ప్రజలు ముస్లిములు, అధికభాగం షెడ్యూల్డు తెగల వాళ్ళు. అయినా అక్కడ వంశం తల్లి వైపు నుండి లెక్కకు వస్తుంది. తరవాడు ఉమ్మడి ఆస్తిని 'శుక్రవారం సొత్తు' అంటారు; అది స్త్రీల సంతానం ద్వారా దిగుతుంది. సొంతంగా సంపాదించినది 'సోమవారం సొత్తు'. అది ఇస్లాం ధర్మం ప్రకారం పంచుకుంటారు. కల్పేని దీవిని అధ్యయనం చేసి లీలా దుబే 1969లో దీని మీద పుస్తకం రాశారు. పెళ్ళయిన ఆడపిల్ల పుట్టిల్లు వదలక్కర్లేదు. ఎంతో పోరాడినా మనకు ఇంకా దొరకని భద్రత అది. ఆ నేలను బయటివాళ్ళు కొనకుండా 1964 నాటి నిబంధనలు కాపాడుతూ వచ్చాయి.

2021లో అభివృద్ధి ప్రాధికార సంస్థ పేరుతో ముసాయిదా వచ్చినప్పుడు, అభివృద్ధి కోసం భూమి తీసుకునే అధికారం చూసి జనం భయపడ్డారు. ఆ ఏడు జూన్ 7న దీవులన్నింటా ఇళ్ళ ముందే నిరాహారదీక్ష చేశారు. నా ప్రశ్న ఒక్కటే. ఉమ్మడి నేలను లీజుకిచ్చినా, ప్రభుత్వం తీసుకున్నా సంతకం ఎవరిది? పరిహారం ఎవరి ఖాతాలో పడుతుంది? తరవాడు వ్యవహారాలు చూసేది పెద్ద మగవాడు. ఆస్తి స్త్రీల ద్వారా వస్తుంది, డబ్బు పురుషుల చేతికి పోతుంది. హక్కును రద్దు చేయకుండానే ఖాళీ చేయడం ఇలాగే జరుగుతుంది.

అయితే పర్యాటకమే వద్దా? ఆ పెద్దావిడ కోడలు నాతో వాదించింది. "కొబ్బరికి ధర లేదు. చదువుకున్న నాకు ఉద్యోగం లేదు. అతిథులు వస్తే నా చేతికి డబ్బు వస్తుంది. వద్దని మీరెలా చెబుతారు?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆమె మాట నిజం. అత్త మాటా నిజమే. ఆ ఇద్దరిలో ఒకరిని ఎంచుకోమనడం మన పని కాదు. ఇద్దరూ నిలబడే ఏర్పాటు కావాలి.

పక్కనే మాల్దీవులు ఉన్నాయి. 1972లో అక్కడ పర్యాటకం మొదలైంది. చాలాకాలం విడిగా ఉన్న రిసార్టు దీవులకే పరిమితం; ఊరి ఆడవాళ్ళకు వాటిలో పని దొరకడం చాలా తక్కువ. 2009 తర్వాత ఊళ్ళున్న దీవుల్లో అతిథి గృహాలకు అనుమతి ఇచ్చాక కుటుంబాలకు కొంత ఆదాయం వచ్చింది. అతిథి గృహంలో వంట, ఉతుకు, ఊడ్పు మాత్రం ఇంటిపనిలో కలిసిపోతే దానికి కూలి ఎవరు లెక్కగడతారు? చెత్త పోయడానికి తిలఫుషి అని ఒక దీవినే తయారుచేసుకున్నారు. అదీ చూసి నేర్చుకోవాలి. ఇటు కేరళలో కుమరకంలో కుటుంబశ్రీ స్త్రీలు పండించిన కూరగాయలను హోటళ్ళు కొనే ఏర్పాటు జరిగింది. కాబట్టి దారి లేదని అనలేం.

'బాధ్యత గల పర్యాటకం' అనే మాట ఇప్పుడు ప్రతి హోటల్ బోర్డు మీదా ఉంది. తువ్వాలు రెండుసార్లు వాడమని చీటీ పెడితే బాధ్యత తీరదు. మనం అడగవలసినవి ఇవి:

గదులు లెక్కించే ముందు బావులు లెక్కించాలి. దీవి నీళ్ళు ఎంతమందికి చాలతాయో తేలాకే అనుమతులు ఇవ్వాలి.

సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ రవీంద్రన్ కమిటీ స్థానిక పంచాయతీలను సంప్రదించే అభివృద్ధి జరగాలని చెప్పింది. ఆ సంప్రదింపులో స్త్రీలకు విడిగా సమావేశం ఉండాలి. ఉమ్మడి నేల లీజుకు వాళ్ళ సంతకం తప్పనిసరి కావాలి.

మడుగును తవ్వకూడదు. పడవలో వచ్చిన ప్లాస్టిక్ పడవలోనే వెనక్కి పోవాలి.

అతిథి గృహాల్లో పనిచేసే స్త్రీలకు కూలి వాళ్ళ చేతికే రావాలి. 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదు చేసే చోటు ఎక్కడో ప్రతి ఒక్కరికీ తెలియాలి.

ఇక వెళ్ళే మనం. బయలుదేరే ముందు నీళ్ళు ఎక్కడి నుండి వస్తాయి, మురుగు ఎక్కడికి పోతుంది, డబ్బు ఎవరి చేతికి చేరుతుంది అని అడుగుదాం. జవాబు రాకపోతే వెళ్ళడం మానుకుందాం.

చివరగా ఒక్క మాట. తిరిగొచ్చే రోజున నా సంచిలో ఒడ్డున ఏరుకున్న పగడపు ముక్క ఉంది. చచ్చినదే కదా అనుకున్నాను. 2001 నుండి పగడం వన్యప్రాణి రక్షణ చట్టం కిందికి వచ్చిందని అప్పటికి నాకు గుర్తు లేదు. పెద్దావిడ చూసి నవ్వింది. "అది రాయి కాదమ్మా, మా నేల" అంది. ఇద్దరం కలిసి వెళ్ళి ఒడ్డున పెట్టి వచ్చాం. ఆ మిగిలిన రెండు రోజులూ నేను చేదతోనే తోడుకుని స్నానం చేశానని కూడా చెప్పాలి. రెండు రోజులతో బావి బాగుపడదు. అందుకే ఈ సంగతి మీ అందరి ముందూ పెట్టాను.

సెలవు.