తిరగబెట్టే జ్వరం, ఒళ్లునొప్పులు – కషాయం ఎంతవరకు?

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రభుత్వ ఆయుర్వేద వైద్యశాలల్లో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి. మన సమావేశాల్లో టీ విరామం రాగానే నన్నడిగే ప్రశ్నలు రెండే. “డాక్టరుగారూ, జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తోంది, ఏ కషాయం తాగమంటారు?” “నడుమూ కీళ్లూ పీకేస్తున్నాయి, ఏ తైలం మంచిది?” ఈ రెండింటికీ ఈవేళ కలిపి జవాబు చెబుతాను.

విడిచి విడిచి వచ్చే జ్వరాన్ని మన శాస్త్రం విషమజ్వరం అంది. రోజూ వచ్చేదానికి ఒక పేరు, రోజు విడిచి రోజు వచ్చేదానికి ఒక పేరు, రెండు రోజులు విడిచి వచ్చేదానికి మరో పేరు పెట్టారు. మన కరువు భత్యం బకాయిలకు లేని క్రమశిక్షణ ఆ జ్వరాలకు ఉంది! వాటిలో చాలావాటికి కారణమైన మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ కడుపులో కనిపెట్టింది మన సికింద్రాబాదులోనే. పూర్వీకులు జ్వరం నడకను చక్కగా గమనించారు. క్రిమిని చూసే సాధనం వారికి లేదు. మనకుంది. ఉన్న సాధనాన్ని వాడుకోకపోతే తప్పు మనది.

ముందు ఇంట్లో నిర్భయంగా చేసుకోదగినవి చెబుతాను. జ్వరంలో దాహానికి షడంగ పానీయం ఉంది. తుంగముస్తలు, పర్పాటకం, వట్టివేళ్లు, చందనం, కురువేరు, శొంఠి – ఈ ఆరూ వేసి, నీళ్లు సగమయ్యేదాకా కాచి, చల్లార్చి, కొంచెం కొంచెంగా తాగాలి. అన్నీ దొరక్కపోతే శొంఠి, ధనియాలు వేసి కాచిన నీళ్లయినా సరే. పలచని గంజి, పెసరకట్టు మంచి పథ్యం.

“లంఖణం పరమౌషధం” అన్న మాట అందరికీ తెలుసు. కానీ వృద్ధులకు, బలహీనులకు లంఖణం తగదని కూడా శాస్త్రమే చెప్పింది. ఆ సగం మనం మరిచిపోయాం. మధుమేహానికి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు ఏకాదశి చేసినట్టు పస్తుంటే, చక్కెర పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

ఇక ఒళ్లునొప్పులు. 2006లో చికున్‌గున్యా వచ్చినప్పుడు ఊళ్లకు ఊళ్లు నడుము వంచుకు నడిచిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. జ్వరం వారంలో పోయినా నొప్పులు కొందరిని నెలల తరబడి వదల్లేదు. అలాంటి నొప్పులకు వావిలాకు వేసి కాచిన నీళ్ల స్నానం, జిల్లేడాకుకు ఆముదం రాసి వెచ్చచేసి పెట్టే కాపడం, గోరువెచ్చని మహానారాయణ తైలం మర్దన హాయినిస్తాయి. జిల్లేడు పాలు కంట్లో పడకుండా చూసుకోండి. చక్కెర జబ్బుతో పాదాలు మొద్దుబారినవారు వేడి ఎంతుందో మరొకరి చేత చూపించుకోండి. జ్వరం ఒంట్లో ఉండగా మాత్రం నూనె మర్దన వద్దు. ఇది మా శాస్త్రం పెట్టిన నిషేధమే.

ఇప్పుడు జాగ్రత్తలు. చెట్టు మందు గదా, ఏం చేస్తుందిలే అనుకోకండి. అతిమధురం ఎక్కువ రోజులు వాడితే రక్తపోటు పెరుగుతుంది. తిప్పతీగ వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్నదని ముంబాయి వైద్యులు 2021లో రాశారు. తిప్పతీగను పోలిన మరో తీగ వల్ల అయివుండవచ్చని ఆయుష్ మంత్రిత్వ శాఖ అంది. ఎవరి మాట నిజమైనా, గోడ మీద పాకిన తీగను మనంతట మనమే పీకి నెలల తరబడి మరిగించుకోకూడదనే తేలింది. త్రిభువనకీర్తి వంటి రసౌషధాల్లో పాదరస సంబంధమైన ఇంగిలీకం, వత్సనాభి ఉంటాయి. పక్కింటాయనకు పనిచేసిందని కొని వేసుకునే మందులు కావవి.

ఇంకొక్క మాట చెప్పాలి. ఇది చెప్పడం నాకు కష్టమే.

మా బావగారు కూడా మనలాగే పింఛనుదారు. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది, నడుము నొప్పి. నన్నడిగితే నేనే సుదర్శన చూర్ణం, కషాయం ఇచ్చాను. నాలుగు రోజులు తగ్గేది, మళ్లీ వచ్చేది. నేను మోతాదు పెంచేవాణ్ణి. అలా రెండు నెలలు గడిచాయి. మనిషి చిక్కిపోతుంటే పథ్యం వల్ల అనుకున్నాం. చివరికి కాళ్లలో పట్టు తప్పుతోందని వాళ్ల కోడలు పట్టుబట్టి స్కానింగు చేయించింది. వెన్నుపూసల్లో క్షయ! ఏడాదికి పైగా మందులు మింగి బతికి బయటపడ్డారు. ఈనాటికీ చేతికర్ర లేనిదే నడవలేరు. “నువ్విచ్చావు గదా అని నమ్మి తాగాను రా, అందులో నీ తప్పేముంది” అంటారాయన. ఆ నమ్మకమే నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు. మందులో లోపం లేదు. ఏ రోగానికి ఇస్తున్నానో తెలుసుకోకుండా ఇవ్వడం లోపం.

అందుకే నా మనవి. జ్వరం మూడు రోజులు దాటినా, తగ్గి తిరగబెట్టినా ముందు రక్తపరీక్ష చేయించండి. రెండు వారాలు దాటిన జ్వరమో దగ్గో ఉంటే, బరువు తగ్గుతుంటే క్షయ పరీక్ష చేయించండి. ప్రభుత్వాసుపత్రిలో పరీక్ష, మందులు ఉచితం. డెంగీ అనుమానముంటే ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు మీ అంతట మీరు వేసుకోవద్దు. గుండెకు రోజూ ఆస్పిరిన్ వాడేవారు వెంటనే డాక్టరును అడగండి. జ్వరం దిగిన రోజునే కడుపునొప్పి, ఆగని వాంతులు, రక్తస్రావం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకండి. ఇంగ్లీషు డాక్టరు దగ్గర కషాయం సంగతి, నా దగ్గర ఇంగ్లీషు మాత్రల సంగతి దాచకండి.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు సంగ్రహణి వ్యాధితో అన్నదమ్ములను పోగొట్టుకున్నారు. తనకూ అదే వ్యాధి వస్తే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారని చెబుతారు. తరువాత అమెరికా వెళ్లి, ఆయన నడిపిన పరిశోధన బృందం నుంచే 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. ఒక వైద్యం ఆయన్ను నిలబెట్టింది, ఆయన మరో వైద్యాన్ని నిలబెట్టాడు. మనం మాత్రం ఎందుకు గిరి గీసుకు కూర్చోవాలి?

ప్రతి నవంబరులోనూ మనం బతికే ఉన్నామని ధ్రువపత్రం ఇస్తున్నాం. మరెన్నో నవంబర్లు అందరం కలిసి ఇవ్వాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.